మోటారుబండియు మన చేతులును

ఎడ్లబండి గల రైతు దూరప్రయాణమునకు బయలుదేఱు ముందు ఇరుసులకు కందెన పూయక కదలడు. సీల గట్టిగా నున్నదా, చక్రపు పట్టా వదులైనదా యని చేతితో తడవి చూచుకొనును. ఈ విద్య నతడు ఏ పాఠశాలలోను నేర్చినవాడు కాడు. తన ప్రాణమును ఎడ్ల ప్రాణమును ఆ బండిమీద నాధారపడి యున్నవని యెఱిగినవాడు గనుక నేర్చికొనెను. నేడు మన వీధులలో ఎడ్లబండ్లు తగ్గి కార్లు పెరిగినవి. కాని కారు గల మనలో ననేకులు దాని ముందుమూత యెత్తి లోన నేమున్నదో యొకసారియైన చూచినవారు కారు. తాళపుచెవి త్రిప్పుట, పెట్రోలు పోయించుట, చెడినప్పుడు షెడ్డునకు బంపుట, ఇంతటితో మన పని తీరినదని తలంచుచున్నాము. ఇది సరియైన తలంపు కాదని మాకు అనుభవమువలన దెలిసినది. దానినే మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింప దలచితిమి.

మోటారుబండి చరిత్రలో మొదటి దూరప్రయాణము చేసినది ఒక గృహిణి. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమందు బెర్తా బెంజ్ అను నామె, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల బండిలో తన యిద్దఱు కుమారుల నెక్కించుకొని, భర్తకు జెప్పకయే, మన్‌హైము నుండి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి బయలుదేఱెను. దూరము నూఱు కిలోమీటర్లకు బైబడినది. నాడు పెట్రోలు బంకులు లేవు. దారిలో వీస్‌లోహ్ పట్టణమున మందుల దుకాణములో ఇంధనము కొనెను. ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చిన సూదితో పొడిచి శుభ్రపఱచెను. తీగమీది తొడుగు చెడగా మేజోటి పట్టీని దానికి జుట్టెను. పల్లములలో బ్రేకు కొయ్యలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించెను. నేటి బ్రేకు లైనింగునకు ఆ తోలుముక్కయే పూర్వికురాలని చెప్పుదురు. ఆమెవద్ద పనిముట్ల పెట్టెయు లేదు, షెడ్డును లేదు. ఉన్నవి చూచు కన్నులును, జంకని చేతులును మాత్రమే.

ఇక మా సంగతి. మాకు గలది పాతదైన మారుతీ 800 కారు. 1983 మొదలు 2014 వఱకు మన దేశమున తయారైన ఈ చిన్నబండి ఎన్నియో మధ్యతరగతి కుటుంబములకు మొదటి కారు. దాని ఇంజనునకు మూడు సిలిండర్లు, 796 ఘనపు సెంటీమీటర్ల పరిమాణము. 2019వ సంవత్సరపు వేసవి సెలవులలో కుటుంబముతో శ్రీశైలము ఆనకట్ట చూచి దోర్నాల వైపు కనుమదారిని దిగుచుంటిమి. మా నాయనగారు ముందు సీటులోను, మా భార్యయు పిల్లలును వెనుకను కూర్చుండిరి. తక్కువ గేరులోనే దిగుచున్నను, ముందున్న బస్సు ప్రతి మలుపునను ఆగుచుండుటచే పలుమాఱు బ్రేకు త్రొక్కవలసివచ్చెను. ఒక మలుపువద్ద కాలు మోపగా పెడలు తడిదూదివలె మెత్తగా లోనికి బోయెను. బండి నిలువలేదు.

మా నాయనగారు కేక వేయలేదు. "అబ్బాయీ, మొదటి గేరు వేయి. చేతిబ్రేకు మెల్లగా లాగు. కొండవైపు ఒరయుము" అని మాత్రము పలికిరి. ఆ మూడు మాటలే మమ్ము కాపాడినవి. కారు కొండప్రక్కనున్న మట్టిగట్టు నొరసికొని నిలిచెను. అరగంట యైన పిమ్మట పెడలు మరల గట్టిపడెను. మెల్లగా దోర్నాలకు జేరి మూత యెత్తి చూడగా, లేత తేనెరంగున నుండవలసిన బ్రేకుద్రవము ముదురు కషాయమువలె నుండెను. రెండు నెలల క్రిందట ఒక షెడ్డులో ఆ ద్రవమును మార్చితిమని చెప్పి మావద్ద రొక్కము పుచ్చుకొనిరి, చీటీకూడ నిచ్చిరి. ఆ షెడ్డువారి పేరు చెప్పుట మా యుద్దేశము కాదు. మన ప్రాణము ఒక చీటీమీద నాధారపడరాదని చెప్పుటయే మా యుద్దేశము.

మా నాయనగారు ముప్పది యేండ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసిరి. మా చిన్నతనమున వారు ఇంటికి రాగానే కిరసనాయిలుతో చేతులు రుద్దుకొని, పిదప సబ్బుతో కడుగుకొని, అప్పుడుగాని అన్నమునకు కూర్చుండెడివారు కారు. ఎంత కడిగినను గోళ్ల సందులలోని నలుపు పోయెడిది కాదు. తమ కుమారుడు పానా పట్టరాదనియు, బలపము పట్టవలెననియు కోరి మమ్ము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు బంపిరి. కావుననే తమ పని మాకు ఎన్నడును నేర్పలేదు. కనుమదారినుండి మరలి వచ్చిన మఱునాడు వారు మమ్ము పిలిచి, "ఈ పని నీకు రాకూడదని ఇంతకాలము కోరితిని. ఇప్పుడు రావలెనని కోరుచున్నాను" అనిరి. వారి చేతులు వణకుచుండుటచే పానా నిలుపజాలరు. ముక్కాలిపీటపై గూర్చుండి చెప్పుచుండిరి, మేము చేయుచుంటిమి.

మొదట బ్రేకుల రహస్యము. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొత్తినచో ఆ యొత్తిడి అన్ని దిక్కులకు సమముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమున బ్లేజ్ పాస్కల్ చెప్పెను. మన పాదము పెడలును నొక్కగా సన్నని గొట్టములలోని ద్రవము ఆ బలమును నాలుగు చక్రములకు గొనిపోవును. ముందు చక్రములవద్ద రెండు ప్యాడ్లు డిస్కును ఇరువైపుల పట్టుకొనును. వెనుక డ్రమ్ములలో షూలు లోపలినుండి ఒరయును. ప్రయాణికుల కారునందు నాలుగు చక్రములకును ఇట్టి ద్రవపు బ్రేకులను 1921లో డ్యూసెన్‌బర్గ్ అను అమెరికా కారునకు మొదట నమర్చిరి.

ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 అను రకము క్రొత్తదై యున్నపుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగరాదని నియమము. నీరు చేరిన పిమ్మట ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. డాట్ 4 రకమునకు ఈ హద్దులు 230, 155. కనుమదారిలో ఒరపిడిచే బ్రేకులు కాగినప్పుడు పాతద్రవము మరిగి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన కుంచించుకొనదు, ఆవిరి కుంచించుకొనును. కావున పాదపు బలమంతయు బుడగలను నొక్కుటకే సరిపోయి చక్రములకు జేరదు. చల్లారిన పిమ్మట ఆవిరి మరల ద్రవమగును గనుక పెడలు గట్టిపడును. దానిని జూచి బాగైనదని నమ్మరాదు. రెండేండ్ల కొకసారి ద్రవము మార్చుట మంచి యలవాటు. పాతది పోయి గాలిబుడగ లేకుండ క్రొత్తది నింపుటకు ఇద్దఱు మనుష్యులు కావలయును. ఒకరు పెడలు త్రొక్కవలెను, వేఱొకరు చక్రమువద్ద మర వదులు చేసి బిగింపవలెను. ఈ ద్రవము రంగుపై బడిన రంగు లేచిపోవును, కంటికిని హానికరము.

ప్యాడ్లను జూచుటకు చక్రము విప్పవలెను. ఇచట మా నాయనగారు పెట్టిన కట్టడి యొకటి గలదు: జాకీమీద మాత్రమే నిలిచిన కారు క్రిందికి చేయియైనను పోనీయరాదు. సమతలమున నిలిపి, నేలనున్న చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టి, జాకీతో లేపి, గట్టి ఇనుప స్టాండ్లపై నుంచిన పిదపనే పని. ప్యాడుమీది ఒరపు పదార్థము 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్చవలెను. ఇనుము ఇనుమును గీచిన శబ్దము వినబడువఱకు ఆగరాదు. అచటి ధూళిని నోటితో ఊదరాదు. పాతకాలపు ప్యాడ్లలో రాతినార యుండెడిది, అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతో తుడువవలెను. ప్యాడ్లకు నూనెచేయి తగులనీయరాదు. పని ముగిసిన పిదప పెడలును పలుమాఱు త్రొక్కి గట్టిపడినదని తెలిసికొని, ఖాళీస్థలమున మెల్లగా నడిపి చూచి, అటుపిమ్మటనే వీధిలోనికి రావలెను. 2019 ఏప్రిలునుండి మన దేశమున అమ్మబడు క్రొత్త కార్లన్నిటికిని చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ ఏర్పాటు విధిగా నున్నది. అట్టి వాని లోపలిపని ఆ పనిముట్లు గలవారికే విడుచుట వివేకము. తన చేతికి మించినది ఏదో తెలియుటయు ఈ విద్యలో నొక భాగమే.

ఇక ఇంజను నూనె. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క పిస్టను క్షణమునకు, అనగా సెకనునకు, 50 మాఱులు క్రిందికి మీదికి పోవును. ఇనుమునకు ఇనుమునకు నడుమ నున్నది వెండ్రుకకన్న పలుచనైన నూనెపొర మాత్రమే. అది జారుడు నిచ్చును, వేడిమిని గొనిపోవును, మసిని తనలో నిలుపుకొని యంత్రమును శుభ్రముగా నుంచును. కావున, "నూనె నల్లబడినదని భయపడకు, అది తన పని చేయుచున్నది. పాలవలె తెల్లబడినప్పుడు భయపడు, లోనికి నీరు చేరుచున్నదని యర్థము" అని మా నాయనగారు చెప్పిరి. డబ్బాపై 20డబ్ల్యూ-40 వంటి గుర్తు లుండును. మొదటి అంకెయు అక్షరమును చలిలో నూనె యెట్లు పాఱునో, రెండవ అంకె వేడిలో ఎంత చిక్కగా నిలుచునో తెలుపును. ఏది పోయవలెనో కారుతో వచ్చిన పుస్తకమే చెప్పును.

మట్టము చూచుట పదేండ్ల పిల్లకైనను సాధ్యమే. సమతలమున ఇంజను ఆపి కొన్ని నిమిషము లాగి, కొలకడ్డీని దీసి తుడిచి, మరల నిండుగ దించి దీసి చూడవలెను. రెండు గుర్తుల నడుమ నూనె యుండవలెను. తక్కువ యైన యంత్రము అరుగును. ఎక్కువ యైన నురుగెత్తి చెడుపు చేయును. మార్చునప్పుడు, నూనె గోరువెచ్చగా నుండగా అడుగు బిరడా విప్పి పళ్లెరములోనికి కార్చవలెను. పాత వడపోత డబ్బాను దీసి, క్రొత్తదాని రబ్బరు చుట్టునకు కొంచెము నూనె రాచి, చేతితోనే బిగింపవలెను. బిరడాకు క్రొత్త వాషరు వేసి, పుస్తకము చెప్పినంత నూనె పోసి, ఇంజను కొంతసేపు నడిపి ఆపి, కారుట లేదని చూచి, మరల మట్టము కొలువవలెను. తీసిన నూనెను మురుగుకాలువలో గాని, చెట్టు మొదట గాని పోయరాదు. అది ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. మేము దానిని డబ్బాలో బట్టి, తిరిగి శుద్ధిచేయువారికి బంపు దుకాణమున నిచ్చుచున్నాము.

ఇవిగాక, టైర్ల గాలి చల్లగా నున్నప్పుడు కొలుచుట, గాడులు 1.6 మిల్లీమీటర్లకు అరుగక మునుపే టైరు మార్చుట, వేడిగా నున్న రేడియేటరు మూత ఎన్నడును విప్పకుండుట ముఖ్యములు. ఇప్పుడు వచ్చుచున్న విద్యుత్తు బండ్లకు ఇంజను నూనె అక్కఱలేదు; బ్రేకులును టైర్లును మాత్రము వానికిని ఉండనే యున్నవి.

మా యింటిముంగిట ఈ పని జరుగుచుండగా విద్యార్థులు కొందఱు వచ్చి చూడసాగిరి. ఒకనాడు ఒక పెద్దమనుష్యుడు, "మాస్టరుగారూ, పాఠము చెప్పవలసిన మీరు కారు క్రింద పండుకొనగా చూచి మా పిల్లవాడు ఏమి నేర్చుకొనును? మెకానిక్కు పని కొఱకా వానిని హైస్కూలుకు బంపినది?" అని యడిగెను. పీటమీద గూర్చున్న మా నాయనగారు తలవంచి తమ గోళ్లను చూచుకొనిరి. ఆ చూపు మాకు మిక్కిలి బాధ కలిగించెను. మేము మర్యాదగానే, "అయ్యా, ఈ ముంగిట అసలు ఉపాధ్యాయులు వారు, మేము విద్యార్థులము. కనుమదారిలో మా పిల్లలను కాపాడినది మా పట్టా కాదు, వారి విద్య" అని బదులు చెప్పితిమి. ఆయన మఱేమియు ననలేదు.

తరువాతి వారమున తొమ్మిదవ తరగతిలో పాస్కల్ సూత్రము పాఠము. రెండు సిరంజీలను సన్నగొట్టముతో గలిపి నీరు నింపి, ఒకదానిని నొక్కగా రెండవది కదలుట చూపితిమి. పిదప లోన కొంచెము గాలి విడిచి నొక్కితిమి. రెండవది సరిగా కదలలేదు. వెనుకబల్లనుండి ఒక బాలిక లేచి, "అయ్యగారూ, కొండమీద మీ బ్రేకులో జరిగినది ఇదే కదండీ?" అనెను. ఆమె తండ్రి ఆటో నడుపువాడు. ఆ సాయంకాలము ఆమె తండ్రిచేత బ్రేకుద్రవపు డబ్బా మూత విప్పించి చూచినదట. అదియు నల్లగానే యుండెనట. మఱునాడే మార్పించిరి.

బాలబాలికలారా! పుస్తకములోని సూత్రము వేఱు, చేతిలోని పానా వేఱు అని తలంపకుడు. సూత్రము తెలియని చేయి తడవులాడును. చేయి యెఱుగని సూత్రము పరీక్షతో మఱపునకు వచ్చును. మీ యింట సైకిలే యుండనిండు, మోటారుసైకిలే యుండనిండు, ఈ సెలవులలో దాని బ్రేకు ఎట్లు పట్టుచున్నదో విప్పి చూడుడు. తెలియనిచోట తెలిసినవారిని, వారి గోళ్లు నల్లగా నున్నను, గౌరవముతో అడుగుడు. చేతులు కడిగికొన్న తేరును; నేర్చినది మాత్రము చిరకాలము నిలుచును.