ఆటలాడితే రేపేం చేస్తాడు?



పేరెంట్-టీచర్ మీటింగుల్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్న: “మేడమ్, మావాడికి ఎప్పుడూ ఆటల మీదే ధ్యాస. రేపేం చేస్తాడు?” ఫీజు కట్టడానికి మీరు పడే కష్టం తెలుసు కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఈ నెల ఫిన్లాండ్‌కు చెందిన ఇద్దరు కుస్తీ వీరుల గురించి చెబుతాను.

మార్కో అసెల్ 1970లో పుట్టారు. ఆయనది గ్రీకో-రోమన్ కుస్తీ. అందులో ప్రత్యర్థిని నడుము కింద పట్టుకోకూడదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 74 కిలోల విభాగంలో ఫైనల్‌కు చేరి, క్యూబా వీరుడి చేతిలో ఓడి, రజతం అందుకున్నారు. తర్వాత రాజకీయాల్లోకి వచ్చి, 2007లో సోషల్ డెమోక్రటిక్ పార్టీ తరఫున పార్లమెంటు సభ్యుడయ్యారు. 2011 తర్వాత ఎనిమిదేళ్లు సభకు దూరమయ్యారు. 2019లో మళ్లీ గెలిచి వచ్చారు.

రెండో ఆయన వెర్నర్ వెక్‌మన్. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఇంజినీరింగ్ చదివారు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో కుస్తీలో స్వర్ణం గెలిచారు. అప్పటికి ఫిన్లాండ్ ఇంకా రష్యా చక్రవర్తి ఏలుబడిలోనే ఉంది. తర్వాత ఇంజినీరుగా పనిచేసి, 1937 నుంచి 1955 వరకు ఫిన్నిష్ కేబుల్ వర్క్స్‌ను నడిపించారు. 1967లో ఆ సంస్థ మరో రెండింటితో కలిసి ఒకే కంపెనీ అయింది. దాని పేరు మీకు తెలుసు: నోకియా.

ఆడే ప్రతి పిల్లవాడూ ఎంపీ అవుతాడని, కంపెనీ నడుపుతాడని నేను అనను. కానీ క్లాసులో ఒకటి గమనించాను. తప్పు పలికితే నవ్వుతారేమోనని కొందరు పిల్లలు ఇంగ్లీషు పాఠం పైకి చదవరు. గ్రౌండ్‌లో ఓడిపోవడం అలవాటైన పిల్లలు మాత్రం తడబడినా ఆగరు, మళ్లీ మొదలుపెడతారు. పరీక్షలో మార్కులు తగ్గిన రోజు, ఇంటర్వ్యూలో ఉద్యోగం రాని రోజు వాళ్లకు కావలసింది ఆ అలవాటే. దాన్ని నేను బోర్డు మీద రాసి నేర్పలేను.

తొమ్మిదో తరగతిలోకి రాగానే “గేమ్స్ పీరియడ్‌లో కూడా చదివించండి” అని కొందరు కోరుతుంటారు. అలా కోరే ముందు ఒక్కసారి ఆలోచించండి. వారానికి రెండు మూడు పీరియడ్లే కదా, వాళ్లకు వదిలేయండి.

ఈ సాయంత్రం మీ పాప, బాబు ఇంటికి రాగానే మార్కుల కంటే ముందు ఇంకో మాట అడగండి: “ఇవాళ ఏం ఆడావు?”