దొడ్డిలో దాచిన తుమ్మ మొద్దులు



ఇల్లు కొన్నాక లోపం బయటపడితే విశ్వాసి కోర్టుకు వెళ్ళవచ్చునా? ఇది వట్టి ప్రశ్న కాదు.

మా సంఘంలోని ఒక విధవరాలు, భర్త పోయాక వచ్చిన సొమ్మంతా పెట్టి ఖమ్మం శివారులో దొడ్డితో సహా ఒక ఇల్లు కొన్నది. ఎండాకాలంలో చూచినప్పుడు దొడ్డి ఎర్రమట్టి పోసి చదునుగా ఉంది. మొదటి వానలకే మట్టి చీల్చుకొని సర్కారు తుమ్మ చిగుళ్ళు లేచాయి. చెట్లు నరికి, మొద్దులమీద మట్టి కప్పి అమ్మారు. 19వ శతాబ్దంలో పరదేశం నుండి తెచ్చిన ఈ చెట్టు పైన నరికితే చావదు, మొదలుతో సహా పెకలించాలి.

"అయ్యగారూ, అమ్మినాయన కూడా విశ్వాసే గదా, ప్రభువు చూస్తాడులే అని ఊరుకోనా?" అని అడిగింది. ఊరుకోవద్దమ్మా అన్నాను. సహోదరుల మధ్య వ్యాజ్యెములను పౌలు గద్దించిన మాట నిజమే. అదే చోట సహోదరుని మోసగించేవారినీ గద్దించాడు. ఆ సగం మనం చదవం!

ఆమెతోపాటు వకీలు దగ్గరకు వెళ్ళాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, వేరే షరతు రాసుకోకపోతే, అమ్మేవాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలి. అది కొనేవానికి తెలియనిదై, మామూలు జాగ్రత్తతో చూచినా కనబడనిదై ఉండాలి. అలాంటిది చెప్పకపోవడమే మోసం. దొడ్డినిండా వయ్యారిభామ పూచి ఉండగా కొని, తరువాత ఫిర్యాదు చేస్తే నిలవదు. మట్టికింది మొద్దుల సంగతి వేరు.

మోసం రుజువైతే దస్తావేజు రద్దు కోరవచ్చు, లేదా ఇల్లు ఉంచుకొని నష్టపరిహారం అడగవచ్చు. రద్దు దావాకు సంగతి తెలిసిననాటి నుండి 3 సంవత్సరాలే గడువు. మొద్దులు తీయించకముందే ఫోటోలు తీయించండి, వ్యవసాయ అధికారికి చూపించండి. దావా వేశాక స్థలం చూచి రమ్మని కోర్టు అడ్వకేటు కమిషనరును పంపగలదు.

1987 చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు, అక్కడి రాజీ డిక్రీతో సమానం. విశ్వాసుల మధ్య తగవుకు అదే మంచి దారి అని నా అభిప్రాయం. ఈ సహోదరికి ముందు పెద్దలను కూర్చోబెట్టాం, తరువాతనే నోటీసు. అమ్మినాయన మొద్దులు తీసే ఖర్చు ఇచ్చాడు, గొణుగుతూనే.

భద్రాచలం వైపు కొనదలచినవారికి ఇంకొక మాట. అది ఏజెన్సీ. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషను, దాని 1970 సవరణ (మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది) ప్రకారం గిరిజనేతరుడు అక్కడ స్థలం కొంటే, అమ్మినవాడు గిరిజనేతరుడైనా సరే, ఆ కొనుగోలు చెల్లదు. దస్తావేజే నిలవని చోట తుమ్మ మొద్దుల తగవు ఎక్కడిది? దొడ్డి చూడకముందే, ఆ ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో ఉందేమో మండల రెవెన్యూ కార్యాలయంలో అడగండి.