పాత పేరు - కొత్త ముఖం

పేరు పాతదే ఉంచి పాత్రను మార్చుట అమెరికా చిత్రకథల ప్రచురణకర్తలకు కొత్త విద్య కాదు. ఆదరణ తగ్గిన కథను మొదటి సంచికతో మరల ఆరంభించుట అక్కడి ఆనవాయితీ. అట్టి ప్రయత్నాలలో అనేకం త్వరలోనే మరపున పడతాయి. 2014లో మార్వెల్ సంస్థ వెలువరించిన 'మిస్ మార్వెల్' మాత్రం నిలిచింది. ఎందుకు నిలిచిందో విచారించుటే మా ఉద్దేశం.

1977లో ఆ పేరిట వెలువడిన పత్రికకు నాయిక కెరోల్ డాన్వర్స్. ఆమె బంగారు వన్నె జుట్టు గల శ్వేతజాతి యువతి. పూర్వం వైమానిక దళంలో పనిచేసినది. 2012లో ఆమె 'కెప్టెన్ మార్వెల్' అయినది. ఆమె విడిచిన పేరును 2014లో కమలా ఖాన్ అనే 16 ఏండ్ల ముస్లిం బాలిక స్వీకరించింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో స్థిరపడిన పాకిస్తానీ కుటుంబం ఆమెది. రచయిత్రి జి. విల్లో విల్సన్, చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా. సంపాదకురాలు సనా అమానత్ కూడా అదే రాష్ట్రంలో పాకిస్తానీ కుటుంబాన పెరిగినదే.

ఈ కథలోని జీవం ఒక్క ఘట్టంలో ఉన్నదని మా అభిప్రాయం. రూపం మార్చుకొనే శక్తి లభించగానే కమల మొదట ధరించినది తన రూపం కాదు. తాను ఆరాధించే కెరోల్ రూపం. అదే బంగారు జుట్టు, అదే తెల్లని మేను. కోరిన రూపం దక్కినది గాని మనశ్శాంతి దక్కలేదు. పిమ్మట ఆమె తన ముఖంతోనే, తన బుర్కినీని మార్చి చేసుకొన్న దుస్తులతోనే సాహసాలకు పూనుకొన్నది. తల్లిదండ్రుల ఆంక్షలు, అన్నగారి భక్తినిష్ఠ ఆ ఇంట ఉన్నవి. రచయిత్రి వాటిని పరిహసించలేదు, దాచలేదు.

ఇది వ్యాపార యుక్తియే అన్నవారున్నారు. వ్యాపారం లేదని మేమూ అనము. అయినను, 2015లో ఈ కథల తొలి సంపుటికి హ్యూగో పురస్కారం లభించింది. ఆ ఏడే శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు బస్సులపై వెలసిన ముస్లిం వ్యతిరేక ప్రకటనల మీద ఎవరో కమల బొమ్మలు అతికించారు. అమ్మకానికి పుట్టిన బొమ్మ అవమానానికి సమాధానమైనది.

'కమల' అన్నప్పుడు మాలో ఉర్దూ చదివేవారికి 'కమాల్' స్ఫురిస్తుంది. అది పరిపూర్ణతను సూచించే మాట. తెలుగు చదివేవారికి తామరపువ్వు కనిపిస్తుంది. మన్నన పొందుటకై మాట తీరును, వేషమును, కొన్నిచోట్ల పేరును సైతం మార్చుకొనవలెనని తలచే వయస్సు మాది. బలం వచ్చిన నాడు ఎవరి ముఖం ధరింతువని ఈ కథ మమ్ము అడుగుచున్నది. సోదర సోదరీమణులారా, ఆ ప్రశ్నకు జవాబు మనలో ప్రతి ఒక్కరూ సిద్ధం చేసుకొనవలసినదే.