ఉదారవాదం అనే మాట

మా జల్‌పల్లిలో ‘లిబరల్’ అన్న మాటకు స్థిరమైన అర్థమేదీ లేదు. కోడలిని బీఎడ్ చదివించే మామగారు లిబరల్. నమాజుకు రాని యువకుడూ లిబరలే. కట్నం వద్దన్న పెళ్ళికొడుకునూ అలాగే అంటారు. తెలుగు పత్రికలు ఈ సిద్ధాంతాన్ని ‘ఉదారవాదం’ అని వ్యవహరిస్తాయి. చిక్కంతా ఆ అనువాదంలోనే ఉన్నదని మాకు తోస్తుంది.

లాటిన్‌లో ‘లీబెర్’ అంటే స్వేచ్ఛ గలవాడు, బానిస కానివాడు. ఆ మూలం నుండి ఇంగ్లీషులో రెండర్థాలు వచ్చాయి. ధారాళంగా ఇచ్చే గుణం ఒకటి, వ్యక్తి స్వేచ్ఛను కోరే రాజకీయ సిద్ధాంతం మరొకటి. మనం మొదటి అర్థానికి చెందిన మాటను రెండవదానికి తగిలించాము. ఉదారుడంటే మనకు దాత. విజయనగరంలో పుట్టి అలహాబాదులో ‘లీడర్’ పత్రికను నడిపిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి లిబరల్ పార్టీ నాయకులు. ఆ పక్షం వారిని తెలుగువారు మితవాదులన్నారు. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం చేపట్టిన ఆర్థిక విధానమేమో సరళీకరణ అయింది. మితం, సరళం, ఉదారం: ఈ మూడింటిలో ఎక్కడా స్వేచ్ఛ లేదు. మా ఇళ్ళలోని ఉర్దూ మాట ‘ఆజాద్ ఖయాల్’లో అది ఉన్నది గాని, దానిని మనవాళ్ళు తిట్టుగానే ఎక్కువగా వాడుతారు!

ఇస్లామీయ పరిభాషలో హఖ్ వేరు, ఇహ్సాన్ వేరు. మొదటిది చెల్లించి తీరవలసినది. రెండవది మనసారా చేసే మేలు. ఈ తేడా చెరిగిపోతే నష్టపోయేది ఎవరో మా ఊరి భూములే చెబుతాయి. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైంది. చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాయి, ధరలు పెరిగాయి. అప్పటి నుండి అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళను “మీ వాటా మాఫ్ చేయండి” అని అడగటం మేము ఎన్నో ఇళ్ళలో చూశాము. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో వారు సంతకం పెడతారు. వాటా చేతికి అందిన తరువాత ఇష్టపడి తిరిగి ఇస్తే అది ఆమె ఔదార్యం. అందకముందే అడిగి రాయించుకోవటాన్ని ఏమనాలి? సూరా అన్నిసా 7వ ఆయతు ఆస్తి కొంచెమైనా, అధికమైనా స్త్రీకి అందులో భాగాన్ని నిర్ణయించింది. 11వ ఆయతు ఆ లెక్కను వివరించింది.

హక్కుకు మూలం మనిషి ఇచ్ఛేనని చెప్పే ఉదారవాదులతో విశ్వాసికి పేచీ ఉన్నది. విశ్వాసి దృష్టిలో దానిని ఇచ్చినవాడు అల్లాహ్. కాని ఒకరి హక్కు మరొకరి దయ కాదన్న విషయంలో వారితో తగవు పడవలసిన పని లేదు.

మా వీధిలో తల్లిదండ్రులు గతించిన ఒక ఇంట, 360 గజాల స్థలంలో 120 గజాలను అన్న తన ఒక్కగానొక్క చెల్లెలికి కొలిచి ఇచ్చాడు. “ఎంత లిబరల్ మనిషి!” అని అందరూ మెచ్చుకున్నారు. బాకీ తీర్చినవాడిని దాత అనటం మాకు రుచించలేదు. ఆ చెల్లెలు మాత్రం కాగితాలు ఒకటికి రెండుసార్లు చదువుకొని, “రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందాం, భాయిజాన్?” అని అడిగింది.