హిన్నోము లోయ నుంచి నాన్నగారికి

యెరూషలేము

నాన్నగారికి,

నరకం అనే మాట ఎక్కడ పుట్టిందో ఆ చోటి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. పాత పట్టణపు గోడలకు పడమటి పక్క మొదలై, దక్షిణంగా తిరిగి కిద్రోను లోయలో కలిసే ఈ హిన్నోము లోయలో ఇప్పుడు ఒలీవ చెట్లున్నాయి, పచ్చిక ఉంది, ఒక సినిమా హాలు ఉంది. 2023లో తెరిచిన వేలాడే వంతెన మీద జనం అటూ ఇటూ నడుస్తున్నారు. సువార్తల్లో యేసు నరకాగ్ని గురించి హెచ్చరించిన చాలా చోట్ల మూలంలో ఉన్నది ఈ లోయ పేరే. విన్నవాళ్ళకు అది భూమి అడుగున ఎక్కడో ఉన్న లోకం కాదు, ఊరి గోడ దిగితే కనిపించే పల్లం. ఇక్కడ ఊరి చెత్త రాత్రింబవళ్ళు కాలుతుండేదని, అందుకే ప్రభువు ఈ పేరు వాడాడని మన ప్రసంగాల్లో తరచూ చెబుతారు. ఆ మాటకు మనకు దొరికే పాత సాక్షి డేవిడ్ కిమ్హి అనే యూదు పండితుడు. ఆయన రాసింది యేసు తర్వాత సుమారు పన్నెండు వందల ఏళ్ళకు.

బైబిలు ఈ లోయ మీద మోపే నేరం చెత్త కాదు. ఆహాజు, మనష్షే అనే యూదా రాజులు తమ కొడుకులను ఇక్కడ అగ్నిలో దహించారు. తరువాత యోషీయా రాజు ఈ బలిస్థలాన్ని అపవిత్రం చేసి ఆ పని ఆపించాడు. యిర్మీయా 7వ అధ్యాయం చివర దేవుడి కోపం దీని మీదే. పిల్లల్ని కాల్చమని తాను ఆజ్ఞ ఇవ్వలేదని, అలాంటి తలంపే తన మనసుకు రాలేదని ఆయన ప్రవక్త చేత చెప్పిస్తాడు. నా సందేహానికి వేరు ఇక్కడే ఉంది నాన్నగారూ. మనుషులు తమ పిల్లల్ని కాసేపు కాల్చినందుకు ఇంత కోపగించిన దేవుడు, తాను సృష్టించిన మనుషులను ఎన్నటికీ ఆరని మంటలో ఉంచుతాడని మనం ఎలా నమ్మాం? ఇది దేవుడి మీద తిరుగుబాటు ప్రశ్న కాదు. ఆయన తన గురించి తాను చెప్పుకున్న మాటను నమ్మినందువల్ల వచ్చిన ప్రశ్న.

ఈ లోయ గట్టు మీద, కేతెఫ్ హిన్నోము అనే చోట, 1979లో గాబ్రియేల్ బార్కాయ్ బృందం పాత రాతి సమాధులను తవ్వింది. చుట్ట చుట్టిన రెండు వెండి రేకులు దొరికాయి. పెద్దది విప్పితే పది సెంటీమీటర్ల పొడవైనా లేదు. చిన్నది నాలుగు సెంటీమీటర్లకు లోపే. తాయెత్తులా మెడలో కట్టుకునేవి. చిట్లిపోకుండా వాటిని విప్పడానికి ఏళ్ళు పట్టింది. సూదితో గీసినంత సన్నగా ఉన్న ఆ అక్షరాలు సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని యాజకుల ఆశీర్వాదం. మీరు ఆరాధన చివర చెయ్యెత్తి పలికేది అదే. బైబిలు మాటలు రాసి ఉన్నవాటిలో ఇప్పటివరకు దొరికిన అతి పాతవి అవే, క్రీస్తుకు ఆరు వందల ఏళ్ళ ముందువి. ఇప్పుడు ఇశ్రాయేలు మ్యూజియంలో ఉన్నాయి. దీనితో నరకం లేదని రుజువైందని నేను అనను. ఈ లోయ వాళ్ళకు తెలిసినది మంట ఒక్కటే కాదని మాత్రం అంటాను.

మీ జవాబు నాకు తెలుసు. నిత్యశిక్ష మాట ఎవరో చిత్రకారుడు అన్నది కాదు, స్వయంగా యేసే అన్నాడు, మత్తయి 25లో నిత్యజీవం పక్కనే నిత్యశిక్ష ఉంది, ఒకటి అంతులేనిదైతే రెండోదీ అంతే. అగస్టీను కూడా సరిగ్గా ఇలాగే వాదించాడు. నేను చూసిన వాదాల్లో ఇదే బలమైనది, దీన్ని దాటవేయకూడదు. కానీ యూదా పత్రిక చూడండి. సొదొమ గొమొఱ్ఱాలు నిత్యాగ్ని శిక్షకు దృష్టాంతాలని అందులో ఉంది. ఆ ఊళ్ళు ఉండేవని చెప్పే మృత సముద్రపు తీరం ఇక్కడికి దగ్గరే. అక్కడ ఇప్పుడు ఏదీ కాలడం లేదు. ఆ అగ్ని చేసిన పని తిరిగిరానిది, అందుకే అది నిత్యమైంది. శిక్ష ఫలితం శాశ్వతం కావచ్చు, శిక్షించడం మాత్రం ఆగకుండా సాగుతూనే ఉండాలని మత్తయి వచనం మనల్ని ఒప్పించదు. పైగా మత్తయి 25లో తీర్పు దేని మీద? ఆకలిగొన్నవాడికి పెట్టావా, చెరసాలలో ఉన్నవాణ్ణి చూశావా అన్నదాని మీద. నరకం గురించి ప్రసంగించే మనం ఆ ప్రశ్నను వదిలేసి మంటను మాత్రం పట్టుకున్నాం.

ఇస్తాంబుల్

నాన్నగారికి,

ఈ నగరం కాన్‌స్టాంటినోపుల్‌గా ఉన్నప్పుడు 553లో జరిగిన సంఘ సభ ఓరిగెను అనే తొలినాటి వేదాంతిని ఖండించిందని, అందరూ చివరికి రక్షణ పొందుతారన్న బోధ ఆనాడే తేలిపోయిందని అంటారు. అంతకు పదేళ్ళ ముందు జస్టీనియన్ చక్రవర్తి కూడా ఆ బోధకు వ్యతిరేకంగా శాసనం ఇచ్చాడు. కానీ ఖండనల్లో ప్రధానంగా కనిపించేది శరీరాలు కలగక ముందే ఆత్మలు ఉన్నాయనే ఊహ, దానితో ముడిపడిన పునరుద్ధరణ. సభ అధికారికంగా ఏ ఖండనలు ఆమోదించిందన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకునే విషయమే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నిస్సాకు చెందిన గ్రెగొరీ, 381లో ఇదే నగరంలో జరిగిన సభలో కూర్చున్న బిషప్పు, అగ్ని మనిషిలోని చెడును కాల్చి మనిషిని బాగుచేస్తుందని, చివరికి దేవుడు అందరిలో అన్నీ అవుతాడని బోధించాడు. తన అక్క మక్రీనా మరణశయ్య దగ్గర ఆమెతో జరిగిన సంభాషణగా ఆయన రాసిన పుస్తకంలో ఈ బోధ ఆమె నోటనే వస్తుంది. ఏ సభా ఆయనను ఖండించలేదు. తూర్పు సంఘాలూ పడమటి సంఘాలూ ఆయనను పరిశుద్ధుడిగానే గౌరవిస్తున్నాయి. మనం ఆదివారం చదివే నీసియా విశ్వాస ప్రమాణం ఆ 381 సభ రూపమే. సజీవులకు, మృతులకు తీర్పు తీర్చ వస్తాడని అందులో ఉంది. అంతులేని హింస మాట అందులో లేదు. అథనాసియన్ ప్రమాణంలో నిత్యాగ్ని ఉందని మీరంటారు. ఉంది. అది లాటిను పడమటిది, చాలా తరువాతిది.

లాటిను వైపు కూడా సందేహం అప్పటికే బలంగా ఉంది. అగస్టీను తన దేవుని పట్టణం అనే గ్రంథంలో 21వ పుస్తకమంతా నిత్యశిక్షను సమర్థించడానికే రాశాడు. శిక్ష ఎన్నటికీ తీరదన్న మాటను ఒప్పుకోలేక బాధపడే విశ్వాసులు చాలామంది ఉన్నారని ఆయనే మరోచోట రాశాడు. వాళ్ళు సంఘం బయటివాళ్ళు కాదు. కాబట్టి ఈ సందేహం నిన్న మొన్న చదువుకున్నవాళ్ళకు పుట్టిన మెత్తదనం అన్న మాట చరిత్రకు నిలవదు.

ఇక్కడి కోరా ఆలయంలో, 2024లో మళ్ళీ మసీదుగా తెరిచిన కారియేలో, పక్క మందిరం ఒకటి ఉంది. అందులోని బొమ్మలను సుమారు 1315-21 మధ్య థియొడోర్ మెటొకైటీస్ అనే పెద్ద ఉద్యోగి గీయించాడు. సమాధుల కోసం కట్టిన గది అది. పైకప్పు మీద కడవరి తీర్పు. సింహాసనం దగ్గర నుంచి ఎర్రటి అగ్ని నది కిందికి జారుతుంది. గోడ పైభాగంలో నాలుగు గళ్ళలో చీకటి, పురుగు, పండ్లు కొరుకుట, ఆరని అగ్ని ఉన్నాయి. అవి దాటి తూర్పు గుమ్మటం కిందికి వస్తే తెల్లని వస్త్రాల్లో క్రీస్తు. కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చేత్తో ఆదామును, మరో చేత్తో హవ్వను సమాధుల్లోంచి లాగుతున్నాడు. చేతులు కాదు, మణికట్లు పట్టుకున్నాడు. వాళ్ళు ఆయన్ను పట్టుకోవడం లేదు, ఆయనే వాళ్ళను పట్టుకున్నాడు. పాదాల కింద పాతాళపు తలుపులు పగిలి పడి ఉన్నాయి, తాళాలూ గడియలూ మేకులూ చెల్లాచెదురుగా ఉన్నాయి, కట్లు పడిన సాతాను వాటి మధ్య ఉన్నాడు. తీర్పును ఈ చిత్రకారుడు దాచలేదు. కానీ చనిపోయినవాళ్ళను పడుకోబెట్టే గదిలో, బలిపీఠం వైపున, అన్నిటికంటే ముఖ్యమైన చోటు అతను ఇచ్చింది తలుపులు పగలగొట్టిన క్రీస్తుకు. నేను చెప్పదలచినది కూడా ఇంతే. తీర్పు ఉంది, అది చివరి మాట కాదు.

పాదువా

నాన్నగారికి,

స్క్రొవేన్యీ మందిరంలోకి వెళ్ళేముందు ఒక గాజు గదిలో కూర్చోబెడతారు. లోపలి గాలి తేమ మారకుండా, గోడల బొమ్మలు చెడకుండా ఈ ఏర్పాటు. జొత్తో ఈ గోడల మీద పని ముగించింది 1305 ప్రాంతంలో. పడమటి గోడ మొత్తం తీర్పు దృశ్యం. కుడి దిగువన నరకం. అందులో వడ్డీ వ్యాపారులు తమ డబ్బు సంచుల తాళ్ళతోనే ఉరి వేలాడుతున్నారు. మధ్యలో, మంచివాళ్ళ వైపున, మోకరించి ఈ మందిరం నమూనాను పరలోక వాసుల చేతికి అందిస్తున్నవాడు ఎన్రికో స్క్రొవేన్యీ, దీన్ని కట్టించిన ధనికుడు. అతని తండ్రి రెజినాల్దో వడ్డీ వ్యాపారి. దాంతె ఆయనను నరకంలో మెడకు సంచితో కూర్చోబెట్టాడు.

నరక భయం లేకపోతే మనిషి చెడిపోతాడని చాలామంది అంటారు. ఈ గోడ వాళ్ళ పక్షాన సాక్ష్యం చెబుతుంది, భయం ఒక ధనికుడి చేత ఇంత సొమ్ము ఖర్చు పెట్టించింది. కానీ ఆ వడ్డీలు కట్టి చితికిపోయిన కుటుంబాలు ఈ గోడ మీద ఎక్కడా లేవు. భయం మందిరాన్ని కట్టించింది, దోచుకున్నవాడి కళ్ళను దోపిడీకి గురైనవాడి వైపు తిప్పలేదు. సువార్తలోని సుంకరి జక్కయ్య చేసింది వేరు. ఎవరూ అతనికి మంట చూపలేదు, ప్రభువు అతని ఇంటికి భోజనానికి వచ్చాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని అతను లేచి నిలబడ్డాడు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది, దానికి నేను తల వంచుతాను. నరకాన్ని వద్దనుకోవడం సుఖంగా బతికినవాళ్ళకే చెల్లుతుంది, దెబ్బలు తిన్నవాళ్ళకు దేవుడి శిక్షే దిక్కు అన్నది ఆ అభ్యంతరం. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులను చంపారు, అవి మనకు పరాయి ఊళ్ళు కావు. చుండూరు కేసులో ప్రత్యేక న్యాయస్థానం 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. భూమ్మీద న్యాయం ఇలా తడబడినప్పుడు పైన ఒక తీర్పు ఉందని నమ్మకుండా అక్కడ భర్తను పోగొట్టుకున్న విధవరాలు ఎలా బతకాలి? ఆమెకు ఆ తీర్పు కావాలి, నాకూ కావాలి. హంతకుడు తాను చేసినదాన్ని చంపబడినవాడి ముఖం ఎదుట పూర్తిగా చూడాలి, తప్పించుకునే దారి ఉండకూడదు. గ్రెగొరీ చెప్పిన అగ్ని ఇదే, అది ఎవరినీ ఊరికే వదలదు. కానీ కోట్ల సంవత్సరాల తరువాత కూడా ఆ హంతకుడు కేకలు వేస్తూనే ఉంటే ఆ విధవరాలికి కొత్తగా వచ్చే న్యాయం ఏమిటి? ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో దోషికి నలభై దెబ్బలకు మించి కొట్టవద్దని ఆజ్ఞ ఉంది, మించితే నీ సహోదరుడు నీ కంటికి నీచుడవుతాడని కారణం కూడా చెప్పింది ధర్మశాస్త్రం. అనంతుడైన దేవుడి మీద చేసిన పాపానికి అనంతమైన శిక్ష తగునని మధ్యయుగ వేదాంతులు లెక్క కట్టారు. దోషిని ఇంకా సహోదరుడని పిలిచి, శిక్షకు లెక్క పెట్టిన దేవుడితో ఆ లెక్క నాకు కుదరడం లేదు.

లండన్

నాన్నగారికి,

ఇక్కడ కింగ్స్ కాలేజీలో ఆచార్యుడిగా ఉన్న ఎఫ్.డి. మారిస్ నిత్యశిక్ష అంటే అంతులేని కాలం అని ఒప్పుకోనందుకు 1853లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1864లో ఇదే నగరంలో ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఇస్తూ, దుర్మార్గులకు చివరికి క్షమ దొరకవచ్చని ఆశించడం ఆంగ్లికన్ గురువులకు నేరం కాదంది. దానికి నిరసనగా సుమారు 11 వేల మంది గురువులు నిత్యశిక్షను సమర్థిస్తూ ప్రకటన మీద సంతకాలు చేశారు. ఈ గొడవ నడుస్తున్న రోజుల్లోనే మన జిల్లాల్లో మిషనరీలు పనిచేస్తున్నారు. 1988లో జాన్ స్టాట్, బైబిలే ప్రమాణమని జీవితమంతా బోధించిన ఈ ఊరి ఆల్ సోల్స్ ఆలయ బోధకుడు, దుష్టులు అంతులేకుండా బాధపడరు, చివరికి లేకుండా పోతారన్న అభిప్రాయం వైపు తాను మొగ్గుతున్నట్టు రాశాడు. ఆయన దాన్ని సిద్ధాంతంగా రుద్దలేదు. నేను గ్రెగొరీ వైపు మొగ్గుతాను. ప్రకటన 20లో సాతానుకు యుగయుగాల బాధ ఉందన్న మాట నన్ను ఇప్పటికీ ఆపుతుంది, దాన్ని లేనట్టు చదవలేను. అయితే ఆ అధ్యాయంలోనే మరణమూ పాతాళమూ కూడా అగ్నిగుండంలో పడతాయి, తరువాతి అధ్యాయంలో పట్టణపు గుమ్మాలు మూయబడవు.

చివరిగా మన ఇంటి సంగతి. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు పనుల్లో తిండి పెట్టినంతకాలం మిషనరీ క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపారు, కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ నీళ్ళలో దిగిన ప్రతి ఒక్కరికీ సువార్త వినకుండానే పోయిన అమ్మా నాన్నా తాతలు ఉన్నారు. వెట్టి చేసి, ఆకలితో, ఊరి బయట చచ్చిపోయినవాళ్ళు. మీరు చెప్పే నరకం నిజమైతే వాళ్ళందరూ ఇప్పుడు అందులోనే ఉన్నారు, వాళ్ళ చేత వెట్టి చేయించుకుని తరువాత రక్షణ పొందిన భూస్వామి మాత్రం లేడు. సువార్త అంటే ఇది కాదని మన వాళ్ళ మనసుకు తెలుసు, అందుకే పెద్దల సమాధుల దగ్గర పూలు పెట్టి ప్రార్థిస్తారు.

తీర్పు గురించి ప్రసంగించండి, గట్టిగా ప్రసంగించండి. మత్తయి 25 మొత్తం చదవండి. కానీ సండే స్కూల్లో ఏడెనిమిదేళ్ళ పిల్లల ముందు వేలాడదీసే ఆ అగ్నిగుండం చార్టును తీసేయమని సంఘ పెద్దలతో మీరే చెప్పండి. మీ మాటైతే వాళ్ళు వింటారు.

మీ కుమార్తె