కోసిగి బడిగోడ మీద సుద్ద గుర్తులు

గుంతకల్లులో ఎక్కిన ప్యాసింజరు ఆదోని, కుప్పగల్లు దాటేసరికి పట్టాలకు రెండు పక్కలా నల్లరేగడే. పత్తి ఏరేసిన చేలల్లో ఎండు కట్టె నిలబడి ఉంది. కోసిగిలో దిగగానే ఊరి వెనక గుండ్ల కొండలు కనిపించాయి. ఫుట్‌బాల్ ఆడే పిల్లలు ఎంతెత్తు ఎగురుతారో కొలిచి చూద్దాం రమ్మని ఇక్కడి పీఈటీ సారు పిలిస్తే వచ్చాను.

కొలతకు పెద్ద సరంజామా అక్కర్లేదు. టేపు, సుద్దపొడి, ఒక గోడ చాలు. అమెరికాలో సార్జెంట్ అనే వ్యాయామ విద్యావేత్త 1921లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పిల్లవాడు గోడ పక్కన నిలబడి చెయ్యి పైకి చాస్తే వేలికొన తగిలేచోట ఒక గుర్తు. మోకాళ్లు వంచి ఎగిరి కొట్టినచోట ఇంకో గుర్తు. రెంటి మధ్య దూరమే ఎగిరిన ఎత్తు.

మొదట 172 సెంటీమీటర్ల పొడగరి వచ్చాడు. నిలబడి 222 అందుకున్నాడు, ఎగిరి 258. తేడా 36. తర్వాత 149 సెంటీమీటర్ల బక్కపిల్లోడు, ఉత్త కాళ్లతో.

"చేతులు ఊపి ఎగురు రా" అన్నారు పీఈటీ సారు.

"ఇంగోసారి ఎగురుతా సార్" అని, అడక్కుండానే మళ్లీ ఎగిరాడు. 192 నుంచి 238కి. తేడా 46.

తలతో బంతి కొట్టాలన్నా, గోల్ కాయాలన్నా ఈరోజుకు పొడగరిదే పైచేయి, చెయ్యి చాచి ఎగిరితే 20 సెంటీమీటర్లు ఎక్కువ అందుకుంటాడు, తల కూడా ఎత్తుకు లేస్తుంది కాబట్టి. కానీ కాళ్లలో ఊపు రెండోవాడిదే. నేలను ఎంత బలంగా, ఎంత వేగంగా తన్నగలడు, మోయాల్సిన ఒళ్లు ఎంత బరువు అన్నదాన్ని బట్టే ఎగురుడు ఉంటుంది. పీలే ఎత్తు 173 సెంటీమీటర్లే. 1970 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ డిఫెండర్‌ మీదుగా లేచి తలతో గోల్ కొట్టాడు. మన కోచ్ రహీం సాబ్ శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో నిలువెత్తు గోల్‌కీపర్ తంగరాజ్‌ ఉన్నాడు, సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన ఫార్వర్డ్ బలరాం కూడా ఉన్నాడు. గోల్ కాసేవాడికి కావాల్సింది, గోల్ కొట్టేవాడికి కావాల్సింది ఒకటి కాదు. ఒక్క కొలతకు సరిపోయేవాళ్లతోనే జట్టు కాదు.

పైగా పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఒకే తరగతి పిల్లల ఎదుగుదలలో రెండేళ్ల తేడా మామూలే. పొడగరికి మీసం మొలుస్తోంది. బక్కోడికి గొంతు ఇంకా మారలేదు. ఈరోజు ఎత్తు చూసి వాణ్ని పక్కన పెడితే, ముందు ఎదిగినవాణ్ని ఎంచుకున్నట్టే అవుతుంది తప్ప బాగా ఆడేవాణ్ని కాదు.

కొలత పట్టీలో ఖాళీ గడులు చాలా కనిపించాయి. "వాళ్లంతా సుగ్గికి పోయినారు" అన్నారు సారు. పత్తి ఏరడానికి, గుంటూరు వైపు మిరప కోయడానికి జనం వలస పోతే ఇళ్లకు ఇళ్లే తాళాలు పడతాయి. బక్కోడిని వాళ్ల అవ్వ దగ్గర వదిలి అమ్మానాన్నలు వెళ్లారు. గేటు దగ్గర ఆమెను పలకరించాను.

"ఆటకు పంపిస్తావా అవ్వా?"

"పంపిస్తా నాయనా. రేత్రి కడుపుకింత ఎవురు పెడతారు వానికి?"

ఆమె అడిగినదే అసలు సంగతి. శిక్షణ పుస్తకాలు ఆటగాళ్లలో కొవ్వు తగ్గించమంటాయి. ఇక్కడ తగ్గించడానికి కొవ్వే లేదు, కండ పట్టాలి. మధ్యాహ్నం బడిలో గుడ్డు పెడుతున్నారు. రాత్రికి కూడా పప్పు, గుడ్డు దొరికితేనే సాధన ఒంటికి పడుతుంది. వలస వెళ్లినవాళ్ల పిల్లలకు నడిపే సీజనల్ హాస్టళ్లలో తిండితో పాటు సాయంత్రం బంతి కూడా ఉండాలి.

పిల్లలను ఎంపిక చేసే ఫుట్‌బాల్ అకాడమీలకు నా విన్నపం ఒకటే. ఒక్కరోజు కొలతతో ఎవరి పేరూ కొట్టేయకండి. సుగ్గి ముగిసి ఇళ్ల తాళాలు తెరుచుకున్నాక ఒకసారి, మరో ఆరునెలలకు ఇంకోసారి వచ్చి కొలవండి. ఎత్తు, బరువు, ఎగురుడు మూడూ తేదీ వేసి రాయండి. ఏ పిల్లవాడు ఎంత మెరుగయ్యాడో చూసి ఎంచుకోండి.