పొగగొట్టము లేని యిల్లు

ఆంగ్లదేశపు ప్రాచీన కట్టడములనగానే రాజసౌధములును, ప్రభువుల కోటలును తలపునకు వచ్చును. ఆ దేశపు సేద్యగాండ్ర యిల్లాండ్రు ఎట్టి యింటిలో మసలిరో తెలిసికొనవలెనని మాకు చిరకాలపు కుతూహలము. ససెక్సు మండలమున సింగిల్టన్ గ్రామముకడ నున్న వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ ప్రదర్శనశాలలో బేలీఫ్ అను రైతుగృహమును చూచిన పిమ్మట అది కొంత తీరినది, కొంత హెచ్చినది.

ఈ యిల్లు పుట్టినది అచ్చట గాదు. కెంటు మండలమున చిడింగ్‌స్టన్ చెంత 15వ శతాబ్ది తొలిభాగమున దీనిని కట్టిరి. 16వ శతాబ్ది యారంభమున ఒక కొనను గదులు చేర్చిరి. 1960వ దశాబ్దిలో బౌ బీచ్ జలాశయము త్రవ్వగా ఈ యిల్లు మునుగునట్టి తావున పడినది. అప్పుడు దీనిని దుంగకు దుంగ విడదీసి, గురుతులు వ్రాసికొని, ఇచ్చటికి తెచ్చి 1972 నాటికి మరల నిలిపిరి. ఇల్లు విప్పి కట్టుట యెట్లు సాధ్యమందురేమో! ఇది ఓకు దుంగల చట్రము. ఒక దుంగకు తొలిచిన బెజ్జములో వేరొక దుంగ కొనను దూర్చి కొయ్యచీలలు బిగించిరి. గోడలన్ననో, అల్లిన తడికెలపై గడ్డియు పేడయు కలిపిన మట్టి మెత్తినవే. పేడతో అలుకు చేతులు మనకే సొంతమనుకొనరాదు సుమా!

నడిమి సావడి నేలనుండి కప్పుదాక ఒక్కటే యెత్తు. నేల నడుమ పొయ్యి. పొగగొట్టము లేదు. పొగ పైకి ప్రాకి పెంకుల సందులనుండి తనంత తాను వెడలిపోవలెను. ఇట్టి పాతయిండ్ల వాసములకు పట్టిన మసిని చూచియే ఒకప్పుడు సావడి నడుమ నిప్పుండెడిదని పండితులు గుర్తింతురు. కిటికీలకు అద్దములు లేవు. నిలువు కొయ్యకమ్ములు, లోపల చెక్కతలుపులు మాత్రమే. ఆంగ్లమున కిటికీని తెలుపు మాటకు మూలార్థము గాలికన్నట. మన పూర్వులు దానినే గవాక్షమని, ఆవుకన్నుగా తలచిరి.

1577లో విలియం హారిసన్ అను మతాచార్యుడు తన దేశమును వర్ణించుచు, తమ యూరి ముసలివారు క్రొత్తగా వెలసిన పొగగొట్టములను చూచి వింతపడుచుండిరని వ్రాసెను. పూర్వపు పొగ దూలములను గట్టిపరచెననియు, యింటివారిని జలుబులనుండి కాపాడెననియు ఆయన చెప్పుట! ఆ మాట వ్రాసినవారు పొయ్యిముందు కన్నులు నులుముకొనుచు కూర్చున్న యిల్లాలు కారు.

బేలీఫునకును కాలక్రమమున ఇటుక పొగగొట్టము వచ్చెను, సావడి నడుమ మిద్దెయు లేచెను. మరల నిలుపునపుడు పండితులు వానిని విడిచి 1540 ప్రాంతపు రూపు నిచ్చిరి. తొలిరూపు చూచు భాగ్యము మాకు దానివలననే కలిగినది, కాదనము. అయినను ఆ పొగగొట్టముక్రింద వండుకొన్న తరువాతి తరముల స్త్రీలు ఈ యింటి కథనుండి తప్పింపబడిరిగదా యని మా మనసు కలుక్కుమన్నది. ప్రాచీనతయే శుద్ధియనుట మాకు సమ్మతము గాదు.

మిగిలిన గదులు చిన్నవి. దిగువకొనను రొట్టెలకొకటి, పీపాలకొకటి. ఎగువకొనను మేడపై పడకగది. దానికంటి వెలుపలికి పొడుచుకొనివచ్చిన మరుగుగది యొకటి కలదు. దాని సంగతి విస్తరింపము.

అదే జలాశయపు తావునుండి వచ్చిన వింకర్స్టు అను చిన్నకట్టడమును వేరుగా నిలిపియున్నారు. అది యొక పెద్దయింటికి చెందిన వంటశాలయై యుండునని నేటి పండితుల యూహ. అచ్చట పాతపద్ధతిని వంటలు వండి చూపుదురు. అక్కడను నిప్పుకు గొట్టము లేదు. మేము కొంతసేపు నిలిచి, కన్నులు మండగా వెలుపలికి వచ్చితిమి.